గంప కిందకి పెట్టే మూకుడు

ధూపం గిన్నె ఏదైనా సరే, అమ్మే ముందు దేవమణి దాన్ని ఎత్తి, ఎడమ అరచెయ్యి అడుగున ఆనించి, కాసేపు ఊరుకుంటుంది. గిన్నె చల్లగానే ఉంటుంది. అందులో నిప్పూ ఉండదు, బూడిదా ఉండదు. అయినా ఆమె కళ్ళు సగం మూసుకుని, అడుగు ఎంత మందమో, నిప్పుకీ చేతికీ మధ్య ఎంత ఎడం ఉంటుందో చూసుకుంటుంది. అప్పుడు గానీ కాగితంలో చుట్టదు.

"ఏమ్మా, జ్వరం చూస్తున్నావా దానికి?" అని నవ్వుతారు కొత్తగా వచ్చినవాళ్ళు.

"చూడాలి కదండీ. రేపు మీ ఇంట్లో కాగేది ఇదే" అంటుంది.

నందిగామలో పాత బస్టాండు పక్క సందులో ఉంది ఆమె కొట్టు. ఒక మంచం వేస్తే నిండిపోయే చోటు. పైన బోర్డు లేదు. అగరొత్తులు, కోన్లు, కప్పు సాంబ్రాణి, ముద్ద సాంబ్రాణి, గుగ్గిలం, బొగ్గుబిళ్ళలు ఒక గోడకి. వాటిని వెలిగించుకునే గిన్నెలు ఇంకో గోడకి.

వచ్చినవాళ్ళు "అదిగో, అది ఇవ్వు" అని వేలు చూపిస్తే ఆమె ఇవ్వదు. ఏం వెలిగిస్తారండి, ఎక్కడ పెడతారు, ఆ గదిలో ఎవరుంటారు అని అడుగుతుంది. అగరొత్తులకైతే కింద పొడుగాటి పళ్ళెం ఉన్న స్టాండు ఇస్తుంది, లేకపోతే బూడిద పీట మీద పరిచిన గుడ్డ మీద రాలుతుందని. కోన్‌కి ఇసక పోసిన మూత చాలంటుంది. అది చివరికంటా కాలేసరికి సెగంతా అడుగునే దిగుతుంది, నున్నటి బండ మీద పెడితే బండ మీద మచ్చ పడుతుంది. ముద్ద సాంబ్రాణికి నిప్పులు కావాలి, నిప్పులకి గాలి కావాలి, అందుకని పక్కన చిల్లులున్న మందపాటి గిన్నె, చెక్క పిడిది. పొద్దున్నే కొట్టు ముందు పొగ వేసుకునేవాళ్ళకి పొడుగు కాడ ఉన్న ఇనప గరిట. ఇంట్లో పాకే పిల్లలుంటే పైన వేలాడదీసే గొలుసు గిన్నె. బాలింత ఉంటే మట్టి మూకుడు.

బాలింత మాట వచ్చినప్పుడు మాత్రం ఆమె రెండోసారి కూడా అడుగుతుంది.

"గంప కిందకేనా అండీ?"

"చెప్పా కదమ్మా, అవునని."

"ఇంకోసారి చెప్పండి."

దేవమణి దగ్గర కొంటే భయం లేదని ఊళ్ళో అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల వంచుకుని పురికొస తెంపుతుంది. పొగిడితే సిగ్గుపడే మనిషి కాబోలు అనుకుంటారు. ఆ రెండోసారి అడగడం ఆమెకి ఎప్పట్నించి వచ్చిందో తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడే. అతను ఆమె మొగుడు శాంతయ్య. అతను ఎవరికీ చెప్పడు.

దేవమణి పుట్టింది వీరులపాడు దగ్గర ఒక పల్లెలో. తండ్రి బాలస్వామి పొలం కూలి. పండగలకీ చావులకీ చర్చిలో ధూపకలశానికి నిప్పులు సిద్ధం చేసేది కూడా ఆయనే. పూజ అయిపోయాక దాన్ని పీఠం మీద పెట్టే ముందు అడుగున అరచెయ్యి ఆనించి చూసేవాడు. ఒక ఏడు క్రిస్మస్‌కి చూడకుండా పెడితే పీఠం మీది తెల్ల గుడ్డ గుండ్రంగా కమిలిందట. "చెయ్యి ఓర్చుకుంటే గుడ్డ ఓర్చుకుంటుందే" అని కూతురికి చెప్పేవాడు. ఆయన పోయాక ఆ చెయ్యి ఆనించడం మటుకు ఆమెకి మిగిలింది.

పెళ్ళయి నందిగామ వచ్చింది. శాంతయ్య ముక్త్యాల సిమెంటు లారీ నడిపేవాడు. ఆమె మొదట ఒక పట్టా పరుచుకుని అగరొత్తులు అమ్మింది, తర్వాత ఈ కొట్టు. చర్చి నుంచి వచ్చేటప్పుడు ఒకరిద్దరు అడిగారు కూడా, మనవాళ్ళు పూజ సామాను అమ్మడమేంటని. "మా నాన్న మన గుళ్ళో వేసిన సాంబ్రాణి శెట్టిగారి కొట్లో కొన్నదే. ఆయన నన్నేమీ అడగలేదు, మీరు అడుగుతున్నారు" అంది. తర్వాత ఎవరూ అడగలేదు.

కమలాకుమారి ఆ కొట్టుకి మొదటిసారి వచ్చింది పోట్లాటకి.

ఆవిడది జగ్గయ్యపేట. పొలాలున్న కుటుంబం, మెయిన్ రోడ్డు మీద మేడ. నందిగామలో చెల్లెలున్నందువల్ల వస్తూ పోతూ ఉండేది. ఒకరోజు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఇది సాంబ్రాణేనా?"

"సాంబ్రాణేనండి."

"వాసన చూడు. సగం గుగ్గిలం కలిపారు. నీకు తెలిసి అమ్మావా, తెలియక అమ్మావా?"

దేవమణి ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. ఆమెకేమీ తేడా తెలియలేదు. "తెలియకేనండి" అంది.

కమలాకుమారి నవ్వేసి స్టూలు లాక్కుని కూర్చుంది. ముక్క అరచేతిలో వేసి, వేలితో నలిపి, వెచ్చబడ్డాక ఎలా చూడాలో చూపించింది. దేవమణి ఎంత నేర్చుకున్నా ఆవిడంత నేర్చుకోలేదు. ఆవిడకి మూత తీయక ముందే తెలిసేది. అప్పట్నించి కొత్త సరుకు వస్తే ఒక ముక్క పక్కన తీసి ఉంచేది. కమలాకుమారి వచ్చి వాసన చూసి, మంచిదంటే మంచిది, కాదంటే వెనక్కి.

"వాసన నీకు తెలీదు, సెగ నాకు తెలీదు. ఇద్దరం కలిస్తే ఒక కొట్టు" అనేది ఆవిడ.

"కొట్టు ఇద్దరిదీ అయితే మా ఆయనేం చేస్తాడండి?"

"చిల్లర లెక్కపెడతాడు" అనేది కమలాకుమారి. లారీ మీంచి దిగి వచ్చిన శాంతయ్య, అది కూడా రాదండీ నాకు, అనేవాడు.

అలా చాలా ఏళ్ళు గడిచాయి.

ఆరేళ్ళ కిందట కమలాకుమారి కూతురు ఉషశ్రీ మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బారసాలకి పిలవడానికి కమలాకుమారి తనే కొట్టుకి వచ్చింది.

"దేవమణీ, ఉష జుట్టు నీకు తెలుసుగా. తలంటితే ఆరడానికి ఒక పూట పడుతుంది. మా పాత మూకుడు పగిలిపోయింది. గంప కిందకి పెట్టేందుకు మంచిది చూడు. బారసాల ముందు రోజు సాయంత్రమే నువ్వు పట్టుకురా. పొద్దున్నే తలంటుకి కావాలి."

"అలాగేనండి."

"వెనకనుంచి రావద్దు. ముందు గుమ్మంలోంచి వచ్చి నా పక్కన కూర్చో."

"మరి నేనండీ?" అన్నాడు శాంతయ్య.

"నువ్వెక్కడ కూర్చోవాలో మీ ఆవిడ చెప్తుంది. మా ఇంట్లో నా మాటకే దిక్కు లేదు."

ముగ్గురూ నవ్వుకున్నారు.

గంప పద్ధతి తెలియని ఇల్లు ఆ పక్కల లేదు. బాలింతకి తలంటి పోశాక నిప్పుల మీద సాంబ్రాణి పొడి చల్లి, పైన వెదురు గంప బోర్లించి, దాని మీద తడి జుట్టు పరిచి పడుకోబెడతారు. పొగ గంప కంతల్లోంచి వచ్చి జుట్టు ఆరుతుంది. తలకి జలుబు పట్టదు. దానికి కావలసింది పొట్టిగా, వెడల్పుగా, మందంగా ఉండే మట్టి మూకుడు, మీద చిల్లుల మూత. నిప్పు నేలకి దగ్గరగా, గంపకి దూరంగా ఉండాలి. ఆ సంగతి దేవమణికి నిద్రలో అడిగినా తెలుసు.

వెళ్ళాల్సిన రోజు మధ్యాహ్నం అలాంటి మూకుడే దింపింది. చెయ్యి ఆనించి చూసింది. సరిగ్గా అదే కావాలి. సంచిలో పెట్టుకుంది.

పెట్టుకున్నాక వాళ్ళమ్మ గుర్తొచ్చింది. కమలాకుమారి వాళ్ళ లాంటి ఇళ్ళ దొడ్డివాకిట్లో నిలబడి, మట్టి ముంత చాపి మజ్జిగ పోయించుకునేది వాళ్ళమ్మ. ఆ ఇంటివాళ్ళు తమ చెంబు ముంతకి తగలకుండా ఎత్తునుంచి పోసేవాళ్ళు. చిన్నప్పుడు దేవమణి ఆ చీర కొంగు పట్టుకుని నిలబడి, పైనుంచి పడే మజ్జిగ ధార చూసేది. ఇప్పుడు ముందు గుమ్మంలోంచి రమ్మన్నారు. వియ్యాలవారు వస్తారు. చేతిలో మట్టిది పట్టుకుని ఆ గుమ్మం దాటడం ఆమె వల్ల కాలేదు.

సంచిలోంచి మూకుడు తీసి అల్మరాలో పెట్టేసింది. పై అరలో ఒక ఇత్తడి ధూపం గిన్నె ఉంది. సన్నటి కాడ మీద ఎత్తుగా నిలబడుతుంది, పైన తామర రేకుల్లా విచ్చుకున్న గిన్నె. పూజగదిలో మూలన పెట్టుకుని చూసుకునే వస్తువు. దాన్ని చింతపండుతో తోమి, పక్క ఫ్యాన్సీ కొట్లో మెరుపు కాగితం కొని చుట్టింది. ఎత్తి చూడలేదు. అడుగున చెయ్యి ఆనించలేదు.

"గంప కిందకని అడిగింది కదే ఆవిడ?" అన్నాడు శాంతయ్య.

"నాకు తెలుసులే" అంది.

ఆ సాయంత్రం ఆమెకి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. ముందు గుమ్మంలోంచే వెళ్ళింది. హాల్లో సోఫాలో కమలాకుమారి పక్కన కూర్చుంది. కాగితం విప్పితే అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. ఆవిడ భర్త భవానీప్రసాద్ లైటు వెలుగులో తిప్పి చూసి, "ఏమ్మా దేవమణీ, గుళ్ళో పెట్టాల్సింది మా ఇంటికి తెచ్చావు!" అన్నాడు. కమలాకుమారి ఆమె చెయ్యి పట్టుకుంది.

ఇది పూజగదిలో పెట్టుకోండి, తలకి పొద్దున్నే పొట్టి మూకుడు పంపిస్తా. ఈ ఒక్క మాట చెప్తే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అంతలో ఎవరో కాఫీ ఇచ్చారు, అందరికీ ఇచ్చిన గ్లాసుల్లాంటి గ్లాసులోనే. వెళ్ళేటప్పుడు చెప్దాంలే అనుకుని తాగింది. వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా సాగనంపడానికి నలుగురు వచ్చారు. నలుగురిలో తన బహుమతికి వంక తనే పెట్టుకోవాలనిపించలేదు. పొద్దున ఫోన్ చేద్దామనుకుంది.

పొద్దున ఆమె చీర కట్టుకుంటుండగా ఫోన్ అటువైపు నుంచే వచ్చింది.

"దేవమణీ." కమలాకుమారి గొంతు. వెనక పిల్ల ఏడుపు, ఎవరెవరో అరుపులు. "గంప అంటుకుంది. ఉష నిద్రలో ఉంది, చూసుకోలేదు. జుట్టు ఒక పక్క చెవి దాకా కాలిపోయింది. దేవుడి దయ, ఒంటికేం కాలేదు. వియ్యపురాలు కారు దిగుతూ దిగుతూ చూసింది." ఊపిరి తీసుకుంది. "ఈయన అడుగుతున్నారు. అది గంప కింద పెట్టేదేనా?"

దేవమణి అద్దంలో తన మొహమే చూస్తోంది. ఆ ఇంటి హాలు, ఆ నలుగురు, రేపు ఊళ్ళో మాట అన్నీ ఒక్కసారి వచ్చాయి. దేవమణి ఇచ్చినదానివల్లే శుభమా అని బాలింత జుట్టు కాలిందంటారు. ముందు గుమ్మంలోంచి రానిచ్చినందుకు, అంటారు.

"అది పూజకండి. గంప కిందకని మీరు నాకు చెప్పలేదు కదండీ" అంది.



"చెప్పలేదా?" అంది కమలాకుమారి. మళ్ళీ తనే, "సరేలే. చెప్పలేదేమో" అని పెట్టేసింది.

మంచం మీద కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్న శాంతయ్య తలెత్తి భార్య వైపు చూశాడు. తొడుక్కున్న చెప్పు విప్పేశాడు.

ఆ తర్వాత కమలాకుమారి కొట్టుకి రాలేదు. నందిగామ వస్తోందని చెల్లెలి వల్ల తెలిసేది. ఆవిడ కారు ఒకటి రెండుసార్లు సందు మొదట్లో ఆగి వెళ్ళడం దేవమణి చూసింది. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా ఒక ముక్క పక్కన తీసి పెట్టడం మానలేకపోయింది. డబ్బాలో అవన్నీ అలాగే పోగుపడ్డాయి. ఎన్నిసార్లో ఫోన్ తీసి ఆ పేరు దాకా వెళ్ళి ఆగింది. మొదటి నెలలో చెప్తే తిట్టి ఊరుకునేది ఆవిడ. ఏడాది తర్వాత చెప్తే ఏడాది ఎందుకు ఊరుకున్నావంటుంది. మాట నానేకొద్దీ బరువెక్కింది. కరోనా వచ్చింది, కమలాకుమారి విజయవాడ ఆస్పత్రిలో చాలా రోజులు ఉండి ఇంటికి చేరిందని విన్నది. చర్చిలో మోకరించి ఏడ్చింది గానీ వెళ్ళి చూడలేదు. మొహం చెల్లలేదు.

మొన్న శ్రావణంలో ఒక మధ్యాహ్నం కొట్టు ముందు కారు ఆగింది. కడుపుతో ఉన్న అమ్మాయి మెల్లగా దిగింది. భుజాల దాకా కత్తిరించిన జుట్టు.

"ఆంటీ, నేను ఉషని. గుర్తుపట్టారా?"

దేవమణి లేచి నిలబడింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "రామ్మా ఉషమ్మా. కూర్చో. ఎండలో వచ్చావు."

"విజయవాడలో చెకప్ చేయించుకుని అమ్మవాళ్ళింటికి వెళ్తున్నా. ఎనిమిదో నెల. పరిటాల దాటేదాకా నిద్రే, నందిగామ బోర్డు చూడగానే మీరు గుర్తొచ్చారు." స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. అదే స్టూలు. "ఈసారి ముందే చెప్తున్నా ఆంటీ, గంప కిందకి. గంప కిందకి! మళ్ళీ మా అమ్మలా మర్చిపోయి, మీ మీదికి రాకూడదు."

దేవమణి దింపుతున్న మూకుడు చేతిలో అలాగే ఉండిపోయింది. "మీ అమ్మలా అంటే?"

"అదే ఆంటీ, అప్పుడు. మీకు చెప్పడం మర్చిపోయిందిగా. దేవమణి తప్పేం లేదు, నేనే చెప్పలేదు, నా మతిమరుపు వల్లే నీ జుట్టు పోయింది అని ఎన్నిసార్లు అందో. మా అత్తగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. నాన్న ఇప్పటికీ వదల్లేదు. అమ్మ ఎవరికైనా ఫోన్ చేయబోతే చాలు, నువ్వు చెప్పడం మర్చిపోతావులే, ఇటివ్వు అని లాక్కుంటారు." నవ్వింది. "పాపం, ఇప్పుడు నిజంగానే మర్చిపోతోంది ఆంటీ. పాలు పొయ్యి మీద పెట్టి పక్కనే కూర్చుని మాడ్చేస్తుంది. మొన్న గ్యాస్ కట్టలేదు. నాన్న వంటింట్లోకే వెళ్ళొద్దన్నారు."

అప్పుడు చెప్పొచ్చు. ఎదురుగా ఉషశ్రీ, బల్ల అవతల పేపరు చదువుతున్న శాంతయ్య తప్ప ఎవరూ లేరు. దేవమణి నోరు తెరిచింది. మీ అమ్మ మర్చిపోలేదమ్మా, అనబోయింది. కడుపుతో ఉన్న పిల్ల మంచినీళ్ళ సీసా ఎత్తి తాగుతోంది. మెడ మీద చెమట. ఆ కురచ జుట్టు మెడకి అంటుకుని ఉంది.

మూకుడు ఎత్తి అడుగున చెయ్యి ఆనించింది. చాలాసేపు.

"ఇది సరిపోతుందమ్మా" అంది.

"అమ్మకి కూడా ఏదైనా చెప్పండి ఆంటీ. ఆ కరోనా తర్వాత పొగ పడట్లేదంటుంది. సాంబ్రాణి అంటే ప్రాణం కదా ఆవిడకి, ఇంట్లో వెయ్యనివ్వట్లేదు. పొగ లేకుండా వాసన వచ్చేది ఏమైనా ఉందా?"

"ఉంది. నేనే తెచ్చి పెడతాలే" అంది దేవమణి.

కారు వెళ్ళిపోయింది. శాంతయ్య పేపరు మడిచాడు.

"ఆరేళ్ళ నుంచి ఆవిడ మోస్తోందన్నమాట నీ మాట" అన్నాడు.

"నువ్వూ విన్నావు కదా ఆరోజు. ఆవిడ అడిగింది నీకు తెలుసు. ఒక్కసారైనా నన్ను నిలదియ్యలేదేం?"

"లారీ నడిపేవాణ్ణి నాకేం తెలుసే? నీకే తెలుసు అన్నావుగా." పేపరు మళ్ళీ విప్పాడు. "చెప్పేట్టయితే వాళ్ళాయన ముందు చెప్పు. ఆవిడ చెవిలో చెప్పొస్తే ఆవిడకి ఒరిగేదేం లేదు."

ఆ సాయంత్రం ఆమె కొట్టు తొందరగా కట్టేసి పిడకల బూడిద జల్లించింది. పొగ పడనివాళ్ళకి ఆమె దగ్గర ఒక ఉపాయం ఉంది. లోతైన మట్టి గిన్నెలో మెత్తటి బూడిద నింపి, నిప్పు దాని మధ్యలో పాతిపెట్టాలి. పైన పలచటి ఇత్తడి రేకు, రేకు మీద చిటికెడు సాంబ్రాణి. నిప్పు తగలదు కాబట్టి కాలదు. సెగకి మెల్లగా కరిగి వాసన మాత్రం వదులుతుంది. పొగ కంటికి కనపడదు. రేకుని కత్తెరతో గుండ్రంగా కత్తిరించి అంచులు రాతి మీద నూరింది. డబ్బాలో పోగుపడ్డ ముక్కల్లోంచి ఒకటి ఏరింది. మంచిదో కాదో ఆమెకి తెలియదు. మంచిదే అయి ఉండాలనుకుంది.

మర్నాడు పొద్దున్నే జగ్గయ్యపేట బస్సెక్కింది. సంచి ఒళ్ళో పెట్టుకుంది, మట్టి గిన్నె ఉన్న సంచి. దిగి, నడిచి, ఆ మేడ గేటు తీసి, ముందు గుమ్మం వైపే వెళ్ళింది.

భవానీప్రసాద్ వరండాలో కుర్చీలో ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. "ఎవరూ... దేవమణా! ఎన్నాళ్ళకమ్మా! మా ఇల్లు గుర్తుందన్నమాట. లోపలికి రా."

"ఒక్క మాట చెప్పి వస్తానండి." ఆమె మెట్టు కిందే నిలబడింది. "ఆరోజు గంప కిందకనే అమ్మగారు నన్ను అడిగారండి. కొట్టుకి వచ్చి మరీ చెప్పారు. నాకు తెలిసే నేను ఎత్తుది తెచ్చా, మట్టిది తేవడానికి నామోషీ వేసి. ఫోన్‌లో నేనే అబద్ధమాడా. ఆవిడ ఏదీ మర్చిపోలేదండి."

ఆయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆరేళ్ళమ్మా" అన్నాడు చివరికి. "నేను దాన్ని ఎన్ని మాటలన్నానో నీకేం తెలుసు? వియ్యాలవాళ్ళ ముందు అన్నా. పనిమనిషి ముందు అన్నా." లేచి నిలబడ్డాడు. ఎటు వెళ్ళాలో తెలియనట్టు చూసి, ఆమె పక్కనుంచి మెట్లు దిగి గేటు బయటికి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోలేదు.

గుమ్మంలో కమలాకుమారి నిలబడి ఉంది. బాగా చిక్కింది.

"ఇప్పుడెందుకే అవన్నీ తవ్వడం" అంది.

"నన్ను తిట్టండి కమలమ్మగారూ."

"తిట్టాలని సందు మొదటి దాకా వచ్చా రెండుసార్లు. నువ్వు తల వంచుకుని ఎవరికో పొట్లం కడుతున్నావు. వెనక్కి తిప్పమన్నా కారు." పక్కకి జరిగింది. "రా. ఆ సంచేంటి?"

హాల్లో అదే సోఫా, గుడ్డ మార్చారు. దేవమణి దాని మీద కూర్చోలేదు. నేల మీద కూర్చుని గిన్నె తీసింది. వంటింట్లో స్టవ్ మీద బొగ్గుబిళ్ళ ఎర్రగా కాల్చి పట్టకారుతో తెచ్చి బూడిదలో పాతింది. పైన రేకు. రేకు మీద చిటికెడు. కమలాకుమారి ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుని చేతులకేసి చూస్తోంది, పాత రోజుల్లో చూసినట్టే.

ముక్క అంచులు మెత్తబడ్డాయి. పొగ లేదు. మెల్లగా వాసన లేచింది. హాలంతా పరుచుకుని లోపలి గదుల్లోకి వెళ్ళింది.

"ఆంటీ!" లోపల మంచం మీంచి ఉషశ్రీ కేక వేసింది. "అబ్బ, ఎంత బాగుందో!"

కమలాకుమారి ఇంకా రేకు వైపే చూస్తోంది. "ఏమే, రాజుకోలేదా?" అంది.

దేవమణి తలెత్తి ఆవిడ మొహంలోకి చూసింది.

కమలాకుమారి గొంతు తగ్గించింది. "పిల్లకి చెప్పకు. ఆ జ్వరంలో పోయింది వాసన. మళ్ళీ రాలేదు. పొగ పడదని వీళ్ళకి చెప్పా, ఎదురుగా పెట్టుకుని ఏమీ తెలియకుండా కూర్చోలేక."

"మరి పాలు..."

"మాడుతుంటే తెలియదు నాకు. గ్యాసూ తెలియదు. ఈయన మర్చిపోయావంటారు, మర్చిపోయాననే ఒప్పుకుంటా. మతిమరుపుదాన్నని అలవాటైన పేరు ఒకటి ఉందిగా, ఇంకోటెందుకు కొత్తగా." కొంగుతో మొహం తుడుచుకుంది. "మంచి సరుకేనా ఇది? గుగ్గిలం కలపలేదు కదా?"

దేవమణికి తెలియదు. ఎవరినైనా ఏం వెలిగిస్తారు, ఎక్కడ పెడతారు, ఎవరి కోసం అని అడిగే మనిషి, ఆవిడకి వాసన తెలుస్తుందా అన్న ఒక్కటి అడగలేదు. అడగాలని తట్టలేదు.

ఆమె గిన్నెని రెండు చేతులా ఎత్తింది. ఎడమ అరచెయ్యి అడుగున ఆనించి చూసుకుంది. బూడిదలోంచి సెగ దిగింది, చెయ్యి ఓర్చుకునేంత. అప్పుడు కమలాకుమారి చెయ్యి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి, గిన్నెని దాని మీద ఆనించి, కింద తన చెయ్యి ఆసరా పెట్టి అలాగే కూర్చుంది.